ఋణరాశుల సంవర్గమానము - శృంఖలానియమ వ్యాప్తి

సంవర్గమాన ప్రమేయములకు అవకలజము కనుగొను విధానము నేటి పాఠ్యగ్రంథములలో రెండు మూడు పంక్తులకు మించదు. సంవర్గమానము లోపలనున్న ప్రమేయమునకు అవకలజమును కనుగొని, దానిని ఆ ప్రమేయముచేతనే భాగింపవలెను. సూత్రమింతియే. ఒకమారు అభ్యసించిన విద్యార్థి దీనిని మరచుట అరుదు. అయితే ఈ సూత్రము ఎంతవరకు వ్యాపించును? లోపలి రాశి ఋణరాశియైనపుడును ఇది చెల్లునా? ఈ ప్రశ్న 1712 మొదలు ఇంచుమించు నలువది సంవత్సరముల కాలము ఐరోపాలోని గొప్ప గణితవేత్తలను రెండు పక్షములుగా చీల్చినది. ఒక పక్షమున లైబ్నిజ్, వేరొక పక్షమున యోహాన్ బెర్నూలీ నిలిచిరి. పిమ్మటి తరమున ఆయిలర్, దాలంబేర్ ఇరువురును ఆ వాదమునే కొనసాగించిరి. ఆ వివాదము ఎట్లు పుట్టినది, అందు ఎవరి వాదము ఎంతవరకు నిలిచినది అను విషయమును పరిశీలించుట ఈ వ్యాసమున మా ఉద్దేశము. సూత్రమును బోధించువారు దాని చరిత్రమును బోధింపనక్కరలేదని కొందరందురు. ఈ సూత్రము విషయమున మాత్రము ఆ మాట పొసగదు. దాని చరిత్రము తెలియనివారికి అందలి ఒక మెలిక ఎన్నటికిని తెలియకపోవచ్చును.

ముందుగా పదమును గూర్చి ఒక మాట. మన భాషలో వాడుకలోనున్న 'సంవర్గమానము' అను పదమున 'సంవర్గము' అనగా గుణకార ఫలము. ఆర్యభటుడు వర్గమును నిర్వచించునపుడు ఈ పదమును ఈ అర్థముననే వాడెను. కావున సంవర్గమానమనగా గుణకారమునకు కొలత యని చెప్పవచ్చును. స్కాట్లండు దేశీయుడైన జాన్ నేపియర్ 1614లో తన గ్రంథమున కల్పించిన గ్రీకు పదమునకు అర్థము వేరు. అది 'నిష్పత్తి', 'సంఖ్య' అను రెండు పదముల సమాసము. ఒక సంఖ్యనుండి వేరొక సంఖ్యకు చేరుటకు ఎన్ని సమాన నిష్పత్తులను దాటవలెనో చెప్పు సంఖ్య అని దాని భావము. మన పదము గుణకారమును, గ్రీకు పదము నిష్పత్తిని ప్రధానముగ గ్రహించినవి. ఈ భేదము చిన్నదిగా తోచినను లైబ్నిజ్ మొదలుపెట్టిన వాదము నిష్పత్తిని గూర్చినదేయని ముందు చూడగలము. గుణించుటను కూడుటగా మార్చు భావము మన దేశమునకు క్రొత్త కాదు. తొమ్మిదవ శతాబ్దిలో వీరసేనుడు ధవళా వ్యాఖ్యయందు 'అర్ధచ్ఛేదము' అను భావమును వివరించెను. ఒక సంఖ్యను ఎన్నిమారులు సగము చేయవచ్చునో అదియే దాని అర్ధచ్ఛేదము. రెండు సంఖ్యల గుణకార ఫలమునకు అర్ధచ్ఛేదము ఆ సంఖ్యల అర్ధచ్ఛేదముల మొత్తమగునని అతడెరుగును. అయితే అచట పట్టికలు లేవు, చలరాశి లేదు. అవకలనమునకు తావిచ్చినది నేపియర్ మార్గమే.

నేపియర్ నిర్వచనము గమనింపదగినది. అతడు రెండు బిందువుల చలనమును ఊహించెను. ఒక బిందువు ఒక కోటి ప్రమాణముల పొడవుగల రేఖపై కదలును. గమ్యమునకు ఇంకను ఎంత దూరము మిగిలియున్నదో, దాని వేగము ఆ దూరమునకు అనుపాతముగ నుండును. రెండవ బిందువు మొదటిదాని ఆరంభవేగముతోనే ఎడతెగక సమవేగమున పోవుచుండును. మిగిలిన దూరమునకు రెండవ బిందువు పోయిన దూరము సంవర్గమానము. నేటి భాషలో చెప్పవలెనన్న, ఇది సంవర్గమానమునకు అవకలజమేదో చెప్పి, ఆ అవకలజముద్వారా సంవర్గమానమును నిర్వచించుటయే. చలరాశి యొక్క మార్పును ఆ చలరాశిచేతనే భాగింపగా సంవర్గమానపు మార్పు వచ్చునను సంగతి ఆ నిర్వచనముననే ఇమిడియున్నది. కలనగణితము ప్రచురింపబడుటకు ఏడు దశాబ్దములకు పూర్వమే ఇట్టి నిర్వచనము చేయబడుట ఆశ్చర్యకరము. ఇంకొక విశేషమేమన, ఇందు మిగిలిన దూరము ఎన్నటికిని సున్న కాదు, సున్నను దాటి ఆవలకు పోదు. ఋణరాశికి సంవర్గమానమను ప్రశ్నకు నేపియర్ నిర్వచనమున చోటే లేదు.

1615లో హెన్రీ బ్రిగ్స్ ఎడింబరోకు పోయి నేపియర్‌ను దర్శించుట, పదిని ఆధారముగ గైకొనుటకు ఇరువురును అంగీకరించుట, బ్రిగ్స్ 1617లో 1000 సంఖ్యలకును 1624లో 20,000 వరకును, 90,000 నుండి లక్ష వరకును పదునాలుగు దశాంశస్థానములతో పట్టికలను ప్రకటించుట ప్రసిద్ధములే. ఖగోళ గణితమున ఆ పట్టికలు చేసిన ఉపకారమును మేమిచట విస్తరింపము. మా విషయమునకు కావలసినది 1647లో గ్రెగరీ ద సెయింట్ విన్సెంట్ ప్రకటించిన గ్రంథము. అతిపరావలయము క్రింద, దాని అనంతస్పర్శరేఖపై గుణశ్రేఢిలో దూరములను తీసికొన్నచో, వాని నడుమనుండు వైశాల్యములు సమానములగునని అతడు చూపెను. దూరములు గుణశ్రేఢిలో పెరుగగా వైశాల్యములు అంకశ్రేఢిలో పెరుగును. ఇది సంవర్గమాన లక్షణమేయని 1649లో ద సరాసా గుర్తించెను. 1668లో నికొలస్ మెర్కేటర్ ఆ వైశాల్యమును అనంతశ్రేణిగా విస్తరించి చూపెను. ఈ విధముగ సంవర్గమానము పట్టికనుండి రేఖాగణితములోనికి వచ్చినది. అతిపరావలయమునకు రెండు శాఖలుండుట ఎల్లరకును తెలిసినదే. ధనరాశుల వైపు ఒక శాఖ, ఋణరాశుల వైపు వేరొక శాఖ. వైశాల్యమే సంవర్గమానమైనచో రెండవ శాఖ క్రింది వైశాల్యమునకు ఏమి పేరు పెట్టవలెను? వివాదబీజము ఇచట పడినదని మా అభిప్రాయము.

లైబ్నిజ్ 1684లో తన నూతన పద్ధతిని లైప్‌జిగ్ నగరపు 'ఆక్తా ఎరుదితోరుమ్' పత్రికయందు ప్రకటించెను. సంకలన, గుణకార, భాగహార, ఘాత, మూలములకు అందు సూత్రములు కలవు. సంవర్గమానమునకు ప్రత్యేక సూత్రము లేదు. అయినను వ్యాసము చివర అతడు ద బోన్ అను ఫ్రెంచి గణితవేత్త పూర్వము డెకార్ట్‌కు వేసిన ప్రశ్నను తీసికొని, స్పర్శరేఖకు సంబంధించిన ఒకానొక దూరము ఎల్లెడల సమానముగ నుండు వక్రము సంవర్గమాన వక్రమేయని తేల్చెను. శృంఖలానియమము కూడ అందు పేరుతో కానరాదు. సంక్లిష్టమైన రాశి ఎదురైనపుడు లైబ్నిజ్ దాని భాగములకు క్రొత్త అక్షరములను పెట్టి, ఒక్కొక్క అక్షరపు అత్యల్పవృద్ధిని కనుగొని, చివరకు అన్నిటిని ప్రతిక్షేపించును. ఇట్లు చేయువానికి ప్రత్యేక నియమముతో పనిలేదు. 1676 నాటి వ్రాతప్రతిలోనే అతడు ఒక త్రిపద రాశి యొక్క వర్గమూలమును ఈ రీతిగ సాధించెననియు, అందు ఒక గుర్తు తప్పు దొరలినదనియు చరిత్రకారులు గుర్తించిరి. సంయుక్త ప్రమేయములలో గుర్తు తప్పుట మన విద్యార్థులకే కాదు, ఆ శాస్త్రమును సృష్టించినవానికిని తప్పలేదు!

లైబ్నిజ్ పద్ధతిపై డచ్చి దేశీయుడైన న్యువెన్‌టైట్ 1694, 95 సంవత్సరములలో ఆక్షేపణలు చేసెను. వానిలో ఒకటి బలమైనది. ఘాతాంకమే చలరాశియైనపుడు ఈ పద్ధతి ఏమి చేయగలదని అతని ప్రశ్న. లైబ్నిజ్ 1695లో సమాధానమిచ్చుచు అట్టి రాశులకు అవకలనము చేయు విధమును చూపెను. దానిని శాస్త్రముగ విస్తరించినవాడు బెర్నూలీ. 1697లో అదే పత్రికయందు అతడు ఘాతకలనమునకు మూలసూత్రములను ప్రకటించెను. ఏ రాశి యొక్క సంవర్గమానమునకైనను, ఆ రాశి ఎట్లు కూర్పబడినను, అత్యల్పవృద్ధి యనగా ఆ రాశి యొక్క అత్యల్పవృద్ధిని ఆ రాశిచే భాగింపగా వచ్చునదేయని అందలి సాధారణ సూత్రపు తాత్పర్యము. 'ఎట్లు కూర్పబడినను' అను నియమమే మన శృంఖలానియమమునకు గర్భరూపము.

ఈ సూత్రపు బలము ఒక ఉదాహరణమున తెలియును. చలరాశిని 'య' అందము. 'య' వర్గమునకు 1 కలిపి, వర్గమూలము తీసి, దానికి 'య'ను కలుపుము. వచ్చిన రాశి సంవర్గమానమునకు అవకలజమెంత? మొదట లోపలి రాశిని చూడవలెను. అందలి 'య'కు అవకలజము 1. వర్గమూలమునకు అవకలజము, 'య'ను ఆ వర్గమూలముచే భాగింపగా వచ్చునది. ఇచటను లోపల ఇంకొక ప్రమేయమున్నందున శృంఖలానియమమును మరల వాడినాము. ఈ రెండింటిని కూడినచో, వర్గమూలమును 'య'ను కలిపిన మొత్తమును వర్గమూలముచే భాగించిన భిన్నము వచ్చును. దీనిని లోపలి రాశిచే భాగింపవలెను. లోపలి రాశి సరిగా ఆ భిన్నమున లవముగ నున్నదే. అది కొట్టివేయబడి, 1ని వర్గమూలముచే భాగించినది మాత్రమే మిగులును. ఇంత చిక్కని రాశినుండి ఇంత తేటయైన ఫలము వచ్చుట చూచి విద్యార్థి ఆనందింపవలెను.

'య'ను 'య' ఘాతమునకు హెచ్చించిన రాశి కూడ ఇట్టిదే. ఘాతసూత్రము దానికి చెల్లదు, ఘాతాంకము స్థిరము కానందున. స్థిరరాశి ఘాతముల సూత్రమును చెల్లదు, ఆధారము స్థిరము కానందున. ఉభయమునకు సంవర్గమానమును తీసికొని అవకలనము చేసినచో, మూలరాశిని, 'య' సంవర్గమానమునకు 1 కలిపిన రాశితో గుణింపగా వచ్చునదే అవకలజమని తేలును. బెర్నూలీ 1697లో ఈ వక్రము క్రింద సున్ననుండి ఒకటివరకుగల వైశాల్యమును 1 నుండి నాల్గవవంతును తీసి, ఇరువదియేడవవంతును కలిపి, రెండువందల యేబదియారవవంతును తీసి, ఇట్లు పోవు శ్రేణిగా కనుగొనెను. దాని విలువ ఇంచుమించు 0.7834. శ్రేణి ఎంత శీఘ్రముగ కుదురుకొనునో లెక్కించి చూచినవారికి బెర్నూలీ గర్వమునకు కారణము బోధపడును.

ఇక వివాదమునకు వత్తము. 1712లో లైబ్నిజ్, ఒకటికిని ఋణైకమునకును గల నిష్పత్తి నిజమైన నిష్పత్తి కాదని ఒక చిన్న వ్యాసమున వ్రాసెను. అతని ఆధారము సంవర్గమానమే. నిజమైన నిష్పత్తికి సంవర్గమానముండవలెను. ఋణైకమునకు సంవర్గమానము లేదు గనుక ఆ నిష్పత్తి ఊహామాత్రమని అతని వాదము. బెర్నూలీ దీనికి సమ్మతింపలేదు. 1712 మార్చి మొదలు 1713 జూలై వరకు ఉభయుల నడుమ లేఖలు నడచినవి. అవి 1745లో లైబ్నిజ్, బెర్నూలీల లేఖావళి అచ్చగువరకు లోకమునకు తెలియవు.

బెర్నూలీ వాదము సరళము, చూచుటకు అభేద్యము. 'ఋణ య' యొక్క సంవర్గమానమును అవకలనము చేయుదము. లోపలి రాశి అత్యల్పవృద్ధి, 'య' అత్యల్పవృద్ధికి ఋణరూపము. దానిని లోపలి రాశియైన 'ఋణ య'చే భాగింపవలెను. లవమున ఒక ఋణచిహ్నము, హారమున ఒక ఋణచిహ్నము. రెండును పోయి, 'య' సంవర్గమానమునకు వచ్చిన ఫలమే వచ్చినది. అవకలనములు సమానములైనవి గనుక మూలరాశులును సమానములు. కావున 'ఋణ య' సంవర్గమానము 'య' సంవర్గమానమే. 'య' స్థానమున 1ని ఉంచినచో ఋణైకమునకు సంవర్గమానము సున్న. దీనికి తోడు అతిపరావలయమునకు రెండు శాఖలున్నట్లే సంవర్గమాన వక్రమునకును అక్షమునకు ఇరువైపుల రెండు శాఖలుండవలెనని అతడు వాదించెను.

లైబ్నిజ్ రెండు విధముల ప్రతివాదము చేసెను. మొదటిది: ఆధారము యొక్క ధనఘాతములు ఒకటికన్న పెద్ద సంఖ్యలను, ఋణఘాతములు సున్నకును ఒకటికిని నడిమి సంఖ్యలను ఇచ్చును. శూన్యఘాతము ఒకటిని ఇచ్చును. ఇట్లు వాస్తవ ఘాతములన్నియు ధనసంఖ్యలకే వ్యయమైపోగా ఋణసంఖ్యకు మిగిలినదేమి? పైగా ఋణైకమునకు వాస్తవ సంవర్గమానమున్నచో, దానిలో సగము ఋణైకపు వర్గమూలమునకు సంవర్గమానము కావలెను. వర్గమూలము ఊహారాశి, దాని సంవర్గమానము వాస్తవరాశి యగుట అసంగతమని అతని భావము. ఇంతవరకు వాదము గట్టిదే. రెండవది: బెర్నూలీ వాడిన అవకలన సూత్రము ధనరాశులకు మాత్రమే చెల్లునని, లోపలి రాశి ఋణమైనపుడు అది చెల్లదని లైబ్నిజ్ చెప్పెను. ఈ రెండవ సమాధానము మమ్ము ఆశ్చర్యపరచుచున్నది. తాను నిర్మించిన శాస్త్రమునకు తానే ఎల్లలు గీయుట!

ఎవరు నెగ్గిరి? ఇరువురును తమ మాటను విడువలేదు. 1716లో లైబ్నిజ్ మరణించెను.

ఆయిలర్ బెర్నూలీ శిష్యుడు. 1728లో సెంట్ పీటర్స్‌బర్గునుండి గురువునకు వ్రాసిన లేఖలో, ఇరువదియొకటవ యేటనే, ఆ వాదమునందలి లోపమును అతడు వేలుపెట్టి చూపెను. అవకలనములు సమానములైనంతమాత్రమున రాశులు సమానములు కానక్కరలేదు, వాని నడుమ ఒక స్థిరరాశి ఉండవచ్చును. గురువు అంగీకరింపలేదు. 1747, 48 సంవత్సరములలో దాలంబేర్‌తో ఆయిలర్ నడపిన లేఖలలో ఇదే ప్రశ్న మరల తలయెత్తినది. దాలంబేర్ బెర్నూలీ పక్షము వహించెను. ఆయిలర్ బెర్లిన్ అకాడమీకి 1747లో ఒక వ్యాసమును సమర్పించెను కాని, అది 1862 వరకు అచ్చు కాలేదు. 1749వ సంవత్సరపు సంపుటమునకై తిరిగి వ్రాసిన వ్యాసము 1751లో వెలువడినది. లైబ్నిజ్, బెర్నూలీల వివాదమను మాట ఆ వ్యాసపు పేరులోనే కలదు.

ఆ వ్యాసమున ఆయిలర్ న్యాయమూర్తివలె ఉభయుల వాదములను వరుసగ తూచిన రీతి పరిశోధక విద్యార్థులు చూడదగినది. అతడు మొదట లైబ్నిజ్ రెండవ సమాధానమును త్రోసిపుచ్చెను. అవకలన సూత్రములు చలరాశులకు సామాన్యముగ చెప్పబడినవి. అవి ఒక గుర్తుకు చెల్లి వేరొక గుర్తుకు చెల్లవన్నచో ఆ శాస్త్రపు సామాన్యతయే కూలును. ఈ విషయమున బెర్నూలీదే సరియైన మార్గము. పిమ్మట బెర్నూలీ వంకకు తిరిగి, అవకలన సామ్యమునుండి అతడు తీసిన ఫలము చెల్లదనెను. 'రెండు య' సంవర్గమానమునకును 'య' సంవర్గమానమునకును అవకలనము ఒకటియే. లోపలి గుణకము లవహారములయందు కొట్టివేయబడును గదా. అంతమాత్రమున రెంటి సంవర్గమానములు ఒకటియని, తన్మూలమున 2 యొక్క సంవర్గమానము సున్నయని ఎవరైన అందురా? 2 స్థానమున ఏ సంఖ్యను ఉంచినను ఇదే గతి. 'రెండు య' విషయమున ఆ స్థిరభేదము 2 యొక్క సంవర్గమానము. 'ఋణ య' విషయమున అది ఋణైకపు సంవర్గమానము. అది సున్నయని అవకలనము చెప్పుటలేదు. ఎంతయని కూడ చెప్పుటలేదు.

ఈ ఖండనము శృంఖలానియమమునకు సంబంధించిన ఒక సూక్ష్మమును బయటపెట్టినది. లోపలి స్థిరగుణకమును ఈ నియమము పూర్తిగ మ్రింగివేయును. సంవర్గమానము గుణకారమును సంకలనముగ మార్చును. గుణకము స్థిరాంకమై విడిపడును, అవకలనమున స్థిరాంకము నశించును. కావున సంవర్గమానపు అవకలజమును మాత్రము చూచువానికి లోపలి గుణకము రెండో, ఇరువదియో, ఋణైకమో తెలియదు. బెర్నూలీ ఈ మరుగునే సమానత్వమని భ్రమించెను.

అయితే ఆ స్థిరరాశి ఎంత? దీనికి సమాధానము బెర్నూలీ స్వీయకృషిలోనే దొరకుట విధివైపరీత్యము. 1702లో అతడు ఊహారాశుల సంవర్గమానములకును వృత్తవైశాల్యమునకును సంబంధము చూపియుండెను. ఆ సంబంధము ననుసరించి ఋణైకపు వర్గమూలము యొక్క సంవర్గమానమును ఆ వర్గమూలముచే భాగించినచో 'పై'లో సగము రావలెను. ఋణైకపు సంవర్గమానము సున్నయైనచో, దానిలో సగమును సున్న, వృత్తమునకు వైశాల్యమే లేకపోవును! గురువు కనుగొన్న ఫలముతోనే గురువు వాదమును ఆయిలర్ కొట్టెను. అతని స్వసిద్ధాంతమేమన, ఒక్కొక్క సంఖ్యకు సంవర్గమానములు అనంతములు. ధనసంఖ్యకు వానిలో ఒకటి మాత్రము వాస్తవము. ఋణైకమునకు గల సంవర్గమానములన్నియు 'పై'కి బేసి గుణిజములను ఋణైకపు వర్గమూలముతో గుణింపగా వచ్చునవి. వానిలో వాస్తవమైనది ఒక్కటియు లేదు. ఈ విధముగ ఫలము విషయమున లైబ్నిజ్ గెలిచెను, సూత్రము విషయమున బెర్నూలీ గెలిచెను. దాలంబేర్ దీనితోను తృప్తినొందక 1761 నాటి తన సంపుటములలో పాత పక్షమునే సమర్థించెను.

ఇంత జరిగినను శృంఖలానియమము ఒక నియమముగ ఇంకను అవతరింపలేదు. 1755లో ప్రకటించిన అవకలన గ్రంథమున ఆయిలర్ సంవర్గమాన ప్రమేయములకు అధ్యాయము కేటాయించియు, ఈ నియమమును వేరుగ పేర్కొనలేదు. అత్యల్పవృద్ధులతో లెక్క చేయువారికి అది గాలివంటిది. ఉన్నట్లే తోచదు. 1797లో లగ్రాంజ్ అత్యల్పవృద్ధులను త్యజించి, ప్రమేయమునుండి 'ఉత్పన్న ప్రమేయము'ను నిర్వచించినపుడు, ప్రమేయములో ప్రమేయమున్నచో ఏమి చేయవలెనో స్పష్టముగ చెప్పవలసి వచ్చినది. 1823లో కోషీ తన ఉపన్యాసములలో దానిని అవధుల మీద నిలిపెను. వెలుపలి మార్పును లోపలి మార్పుచే భాగించి, లోపలి మార్పును 'య' మార్పుచే భాగించి, రెంటిని గుణించుట అతని మార్గము. లోపలి మార్పు సున్నయైనచో దానిచే భాగించుటెట్లు? సున్నవద్ద మాటిమాటికి ఊగిసలాడు ప్రమేయములకు ఈ చిక్కు నిజముగనే కలుగును. వెలుపలి మార్పును, దాని అవకలజముతో లోపలి మార్పును గుణించిన దానికి, లోపలి మార్పుకన్న శీఘ్రముగ కృశించు ఒక శేషమును కలిపిన మొత్తముగ వ్రాసినచో భాగహారము అవసరమే లేదు. నేటి గ్రంథములు కొన్ని ఇప్పటికిని పాత మార్గముననే నడచుట సమంజసము కాదు.

ఇచట మన దేశమునకు సంబంధించిన ఒక విషయమును చెప్పకపోవుట లోపమగును. సుమారు 1500లో కేరళీయుడైన నీలకంఠ సోమయాజి తన తంత్రసంగ్రహమున గ్రహముల తాత్కాలిక గతిని కనుగొనుటకు ఒక సూత్రమునిచ్చెను. మందఫలము, చలించు కోణపు జ్యకు అనుపాతమైన రాశినుండి మరల చాపమును తీయుటవలన లభించును. దాని గతికై అతడిచ్చిన రాశి, లోపల జ్య, వెలుపల చాపము గల సంయుక్త ప్రమేయపు అవకలజమునకు సరిపోవుచున్నది. ఇందు సంవర్గమానము లేదు, సామాన్య నియమమును లేదు, ఐరోపాకు ఇది తెలిసెననుటకు ఆధారమును లేదు. కావున దీనిని శృంఖలానియమమని పిలుచుట మాకు సమ్మతము కాదు. కాని రెండు పొరల మార్పును సరిగా లెక్కించిన పురాతన దృష్టాంతములలో ఇది ఒకటియని చెప్పుటకు సందేహింపనక్కరలేదు.

'గొలుసు' అను పేరును గూర్చియు కొంచెము చెప్పవలెను. జర్మను వర్తక గణితమున నాణెములను, తూనికలను ఒకదానినుండి ఒకటిగా మార్చు పద్ధతికి గొలుసు సూత్రమను పేరుండెను. ఒక దేశపు నాణెమును రెండవ దేశపు నాణెముగ, దానిని మూడవ దేశపు నాణెముగ మార్చుచు, దరలను వరుసగ గుణించుకొని పోవుట అందలి పద్ధతి. మన లెక్కలలో త్రైరాశికమును మీద మీద ప్రయోగించుట దీనికి సమీపము. మహావీరుని గణితసారసంగ్రహమునను, దానిని పదునొకండవ శతాబ్దిలో తెనిగించిన పావులూరి మల్లన గణితమునను త్రైరాశికమునకు గల ప్రాధాన్యము తెలిసినదే. అవకలజమనగా ఒక చలరాశిని వేరొక చలరాశిగ మార్చు దర యని చెప్పినచో, అంగడి లెక్క తెలిసిన విద్యార్థికి సంయుక్త ప్రమేయము చిటికెలో బోధపడును. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పాఠ్యగ్రంథములద్వారా ప్రమేయము, అవకలనము మున్నగు పదములు తరగతిగదులలో స్థిరపడినవి. 'శృంఖల' అను మాటకన్న 'గొలుసు' అను మాట ఈ నియమమునకు తగినదని మాకు తోచును.

చివరకు తరగతిగదిలోని సూత్రమునకే మరల వత్తము. వాస్తవరాశులలోనే నిలువదలచిన పాఠ్యగ్రంథములు లోపలి రాశికి పరమమూల్యము తీసికొని, దాని సంవర్గమానమునకు అవకలజము, 1ని 'య'చే భాగింపగా వచ్చునదని చెప్పును. 'య' ఋణమైనను ఇది నిజమే. ఉదాహరణకు 'య' విలువ ఋణ 2 నుండి ఋణ 2.01కి మారినచో పరమమూల్యపు సంవర్గమానము 0.6931 నుండి 0.6981కి పెరుగును. వీని నిష్పత్తి ఇంచుమించు ఋణ అర. సూత్రము చెప్పునదియు అదే. విద్యార్థులు లోపలి ఋణచిహ్నపు అవకలజమును విడిచి, గుర్తు తప్పి వ్రాయుట తరచుగ చూచుచున్నాము. ఇది బెర్నూలీ నాటి రెండు ఋణచిహ్నములలో ఒకదానిని మరచుటయే. అయితే ఉపాధ్యాయులు గమనింపవలసినది దీనికి విలోమమైన సమాకలనమున కలదు. 1ని 'య'చే భాగించిన రాశికి సమాకలనము పరమమూల్యపు సంవర్గమానము, దానికి తోడు ఒక స్థిరరాశియని వ్రాయుదుము. ఒక స్థిరరాశి చాలునా? ధనరాశుల వైపు సంవర్గమానమునకు 3ను, ఋణరాశుల వైపు 7ను కలిపి ఒక ప్రమేయమును నిర్మించినచో, సున్న తప్ప ఎల్లెడల దాని అవకలజము అదియే. రెండు శాఖలు సున్నవద్ద తెగిపోయినందున ఒక శాఖలోని స్థిరరాశి రెండవ శాఖను శాసింపలేదు. ఆయిలర్ గురువునకు చెప్పిన మాట ఇచట ఇంకను ఒక మెట్టు పైకి పోవుచున్నది.

ఊహారాశుల తలమున మాత్రము సున్నను దాటక దానిని చుట్టి పోవుటకు మార్గము కలదు. 1 నుండి బయలుదేరి అర్ధవృత్తముగ పైగా పోయి ఋణైకమును చేరినచో సంవర్గమానము 'పై'ని ఋణైకపు వర్గమూలముతో గుణించినంత పెరుగును. క్రిందుగా పోయినచో అంతే తగ్గును. పూర్తిగ ఒకమారు చుట్టి 1 వద్దకు తిరిగి వచ్చినచో దానికి రెండింతల భేదము ఏర్పడును. మార్గము పొడవునను అవకలజపు సూత్రము ఎచటను మారదు, అవకలజము ఎచటను తెగదు.